పేరు తెలియని హతుల ఫైళ్లు మీ దగ్గరే ఉన్నాయి: పోలీసులకు, ఫోరెన్సిక్ ల్యాబులకు ఒక బహిరంగ లేఖ

పాత హత్య కేసుల బాధ్యత చూస్తున్న పోలీసు అధికారులకు, ఫోరెన్సిక్ ల్యాబులు నడుపుతున్న శాస్త్రవేత్తలకు, ఆ ల్యాబులకు డబ్బు కేటాయించే ప్రభుత్వ పెద్దలకు,

నమస్కారం.

హత్య కేసులో దర్యాప్తు మొదలయ్యేది చంపిందెవరు అన్న ప్రశ్నతో కాదు, చనిపోయిందెవరు అన్న ప్రశ్నతో. అది తేలితేనే ఆ మనిషి ఎవరితో తిరిగాడు, ఎవరితో గొడవలున్నాయి, చివరిసారి ఎక్కడ కనిపించాడు అని అడగడానికి వీలవుతుంది. ఈ సంగతి మీకు ఒకరు చెప్పక్కర్లేదు. కానీ ఆ మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయి ఏళ్ల తరబడి కదలని ఫైళ్లు మీ అందరి దగ్గరా ఉన్నాయి. ఒక్క అమెరికాలోనే ఏటా 4,400 దాకా గుర్తు తెలియని మృతదేహాలు దొరుకుతాయని, ఏడాది తిరిగేసరికి వాటిలో వెయ్యి దాకా అలాగే మిగిలిపోతాయని అక్కడి న్యాయశాఖ అంచనా. వాళ్లందరూ హత్యకు గురైనవాళ్లు కాకపోవచ్చు. అయితే మనిషి ఎవరో తెలియనప్పుడు అది హత్యో, ప్రమాదమో, ఆత్మహత్యో తేల్చడం కూడా గాల్లో దీపమే.

నా మాట ఒక్కటే. ఈ కేసుల్లో చాలావరకు సైన్స్ చాలక ఆగినవి కావు. శాంపిల్ దాచనందువల్ల, పోల్చి చూడటానికి ఇంటివాళ్ల శాంపిల్ తీసుకోనందువల్ల, మిస్సింగ్ ఫిర్యాదు పట్టించుకోనందువల్ల, పక్క జిల్లావాళ్లతోనో పక్క దేశంవాళ్లతోనో మాట్లాడనందువల్ల ఆగాయి. సైన్స్ తన వంతు చేసింది. మిగతాది మీ చేతుల్లో ఉంది.

1981 ఏప్రిల్‌లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, ట్రాయ్ పట్టణం దగ్గర రోడ్డు పక్కన ఒక యువతి శవం దొరికింది. ఒంటి మీద కుచ్చుల తోలు జాకెట్. వేలిముద్రలు తీశారు, పళ్ల వివరాలు రాసుకున్నారు, ముఖం బొమ్మ గీయించి పత్రికల్లో వేయించారు. ఎవరూ రాలేదు. ఆమెకు పేరు దొరికింది 2018లో, 37 ఏళ్లకు. మార్షా కింగ్, వయసు 21. పేరు దొరకడానికి కారణం పోస్ట్‌మార్టం సమయంలో తీసి పక్కన పెట్టిన రక్తం. దాన్ని కనీసం ఫ్రిజ్‌లో కూడా పెట్టలేదు, అలా పడి ఉంది. డీఎన్ఏ డో ప్రాజెక్ట్ అనే స్వచ్ఛంద బృందం అందులోంచి డీఎన్ఏ తీయించి, జెడ్‌మ్యాచ్ అనే వంశవృక్షాల వెబ్‌సైట్‌లో పెడితే ఒక దూరపు చుట్టం కలిసింది. అక్కడి నుంచి పేరు దాకా వెళ్లడానికి గంటలు చాలాయి. ఆమె తల్లి అన్నేళ్లూ ఇల్లు మారలేదు, ఫోన్ నంబర్ కూడా మార్చలేదు, కూతురు ఫోన్ చేస్తుందేమోనని.

ఇందులో నన్ను పట్టుకున్నది ఆ గంటల లెక్క కాదు, ఆ రక్తం దాచిన మనిషి. డీఎన్ఏతో మనిషిని గుర్తుపట్టే పద్ధతిని బ్రిటన్‌లో అలెక్ జెఫ్రీస్ కనిపెట్టింది 1984లో. అంటే 1981లో ఆ రక్తం ఇలా పనికొస్తుందని దాన్ని దాచినవాళ్లకు తెలిసే అవకాశమే లేదు. అయినా పారెయ్యలేదు. మీ శాఖలో పనిచేసి రిటైరైన ఎవరో ఒకరు ఇలాంటి పని చేసే ఉంటారు. ఆ డబ్బా ఇప్పుడు ఎక్కడుందో మీలో ఎంతమందికి తెలుసు?

దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. షికాగో ప్రాంతంలో 1970లలో 33 మంది యువకుల్ని, పిల్లల్ని చంపిన జాన్ వేన్ గేసీ కేసు చాలామంది వినే ఉంటారు. శవాల్లో ఎక్కువ భాగం అతని ఇంటి కిందే దొరికాయి. 1994లో అతనికి మరణశిక్ష అమలు చేశారు. అప్పటికి హతుల్లో 8 మంది ఎవరో తెలియదు. వాళ్లలో ఒక 19 ఏళ్ల కుర్రాడి ఇంటివాళ్లకు మొదట్లోనే అనుమానం వచ్చింది. కానీ పోల్చుదామంటే పళ్ల రికార్డులు లేవు. అతనికి వైద్యం చేసిన దంతవైద్యుడు ప్రాక్టీసు మానేస్తూ అవన్నీ తీసేశాడు. అంతే, ఫైలు మూతపడింది. 2011లో కుక్ కౌంటీ షెరీఫ్ టామ్ డార్ట్ ఆ 8 మంది అవశేషాల్ని తిరిగి తీయించి, 1970లలో కొడుకో తమ్ముడో కనబడకుండా పోయిన కుటుంబాలు ముందుకొచ్చి డీఎన్ఏ ఇవ్వమని అడిగాడు. కొద్ది వారాల్లోనే ఆ కుర్రాడికి పేరు తిరిగొచ్చింది. 2017లో ఇంకొకరికి, 2021లో మరొకరికి. ఐదుగురు మిగిలారు.

ఆ పిలుపు వల్ల ఎవరూ అనుకోని ఇంకో లాభం జరిగింది. గేసీ చేతిలో చనిపోయి ఉంటారని ఇంటివాళ్లు ఆశ వదిలేసుకున్న కొందరు ఎక్కడో బతికే ఉన్నట్టు తేలింది. షెరీఫ్ చేసిందల్లా అడగడమే. మీరు అడగనంత కాలం వాళ్లంతట వాళ్లు వచ్చి శాంపిల్ ఇస్తారని ఎదురుచూడటం న్యాయం కాదు. ముప్పై ఏళ్ల కిందట స్టేషన్‌కు వెళ్లి, 'ఎవరితోనో వెళ్లిపోయి ఉంటాడు, వాడే వస్తాడు' అనిపించుకుని వచ్చిన కుటుంబం మళ్లీ ఆ గడప తొక్కాలంటే ముందు మీ వైపు నుంచి కబురు రావాలి.

హంతకుడు దొరికితే పేర్లు అవే వస్తాయని అనుకోవడం కూడా పొరపాటు. సియాటిల్ పరిసరాల్లో గ్రీన్ రివర్ హత్యలు చేసిన గ్యారీ రిడ్జ్‌వే 2003లో 48 హత్యలు కోర్టులో ఒప్పుకున్నాడు. శవాలు ఎక్కడ పడేశాడో పోలీసుల్ని వెంట తీసుకెళ్లి చూపించాడు. అయినా కొందరి పేర్లు చెప్పలేకపోయాడు, ఎందుకంటే అతనికీ తెలియవు. ఇంటి నుంచి పారిపోయి వచ్చిన అమ్మాయిల్ని, రోడ్డు మీద నిలబడి ఒళ్లమ్ముకునే ఆడవాళ్లని ఏరుకున్నాడు, వాళ్ల కోసం ఎవరూ పెద్దగా వెతకరని తెలిసే. వాళ్లలో అందరికన్నా చిన్నది 14 ఏళ్ల పిల్ల, 1983లో డెన్వర్‌లో ఇల్లు వదిలి వచ్చింది. 1984లో ఎముకలు దొరికాయి. పేరు దొరికింది 2021 జనవరిలో. ఆ కేసులో చివరిదాకా మిగిలిపోయిన ఎముకలకు 2024 మొదట్లో జవాబు దొరికింది. అవి ఎవరివో తెలుసా? వేరే రాష్ట్రంలో దొరికిన వేరే ఎముకల వల్ల 1988లోనే గుర్తించిన ఒక యువతివి. పేరు ఒక ఫైల్లో, ఎముకలు ఇంకో ఫైల్లో, ఇరవై ఏళ్ల పాటు.

రిడ్జ్‌వే లెక్క తప్పలేదన్నదే ఇక్కడ కష్టంగా ఉండే మాట. ఎవరి ఫిర్యాదు మీరు తేలిగ్గా తీసుకుంటారో హంతకులకు బాగా తెలుసు. కాబట్టి ఫోరెన్సిక్ సైన్స్ గురించి మాట్లాడుతూ మిస్సింగ్ ఫిర్యాదుల గురించి మాట్లాడకపోతే ఆ మాటకు అర్థం లేదు. ఎముక నుంచి ఎంత గొప్పగా డీఎన్ఏ తీసినా, దాన్ని పోల్చడానికి అవతల ఏమీ లేకపోతే అది కాగితం మీద అంకెల వరుసే.

ఆ డీఎన్ఏ తీయడం కూడా మాటలు కాదు, అది ల్యాబుల్లో ఉన్నవాళ్లకు తెలుసు, బడ్జెట్ ఫైలు మీద సంతకం పెట్టేవాళ్లకు తెలియదు. అందుకని వాళ్ల కోసం కాస్త వివరంగా రాస్తాను. ఏళ్ల తరబడి మట్టిలో ఉన్న ఎముకలో మనిషి డీఎన్ఏ తునాతునకలై ఉంటుంది. తీసిన దాంట్లో ఎక్కువ భాగం మట్టిలోని బ్యాక్టీరియాది. అందుకే ముందు ఏ ఎముక తీయాలో చూసుకుంటారు. పన్ను, తొడ ఎముక, చెవి లోపలి భాగాన్ని కప్పి ఉండే గట్టి ఎముక, వీటిలో డీఎన్ఏ ఎక్కువ కాలం నిలుస్తుంది. పైపొర అరగదీసి, తాకినవాళ్ల డీఎన్ఏ ఏమైనా అంటుకుని ఉంటే పోయేలా శుభ్రం చేసి, అల్ట్రావయొలెట్ కాంతి కింద పెడతారు. తర్వాత మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టించి పొడి చేస్తారు. మామూలుగా నూరితే పుట్టే వేడికి ఉన్న కాస్త డీఎన్ఏ కూడా చెడిపోతుంది. ఆ పొడిలోని కాల్షియాన్ని కరిగించి, మిగిలిన దాంట్లోంచి డీఎన్ఏని వేరు చేస్తారు. ఒక్కోసారి ఇంత చేసినా ఏమీ రాదు. ఎముక ముక్క అయిపోతుంది, ఇంకోటి తీసుకోవాలి. ఇంకోటి లేకపోతే కథ అక్కడితో ఆగిపోతుంది. అందుకే ఉన్నదంతా ఒకే పరీక్షకు ఖర్చు పెట్టకుండా కొంత మిగల్చమని మీలో అనుభవమున్నవాళ్లు చెబుతూనే ఉంటారు. ఆ మాట వినండి. ఇవాళ రాని ఫలితం పదేళ్లకు రావచ్చు.

ఫిలడెల్ఫియాలో 1957 ఫిబ్రవరిలో అట్టపెట్టెలో దొరికిన పిల్లవాడి కేసు దీనికి సాక్ష్యం. ఒళ్లంతా దెబ్బలు. నగరమంతా పోస్టర్లు అంటించారు, ఎవరూ గుర్తుపట్టలేదు. 1998లో సమాధి తవ్వి పన్నులోంచి డీఎన్ఏ తీశారు. అప్పటి పద్ధతుల్లో వచ్చింది తల్లివైపు వంశాన్ని మాత్రమే చెప్పే మైటోకాండ్రియల్ డీఎన్ఏ. పోల్చడానికి తల్లి ఎవరో తెలిస్తే కదా! 2019లో మళ్లీ తవ్వారు. ఆ ఎముకల్లోంచి పనికొచ్చే డీఎన్ఏ రాబట్టడానికే రెండున్నరేళ్లు పట్టింది. 2022 డిసెంబర్‌లో పోలీసులు పేరు ప్రకటించారు. జోసఫ్ ఆగస్టస్ జరెల్లీ, నాలుగేళ్లవాడు. ఎవరు చంపారో ఇంకా తేలలేదు, ఆ కేసు ఇప్పటికీ నడుస్తోంది. పేరు దొరికింది కదా అని పక్కన పెట్టేయలేదు, దానికి అక్కడి పోలీసులకు దండం పెట్టాలి.

వంశవృక్షాలతో పేరు వెతికే ఈ కొత్త పద్ధతి గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే దీని మీద అతి ఆశా ఉంది, అతి భయమూ ఉంది. పోలీసు డేటాబేసుల్లో మామూలుగా ఉండేది డీఎన్ఏలో 20 చోట్ల కొలతలు. అమ్మానాన్నల్నో, పిల్లల్నో, తోడబుట్టినవాళ్లనో పోల్చడానికి అది సరిపోతుంది. దూరపు చుట్టాల్ని పట్టుకోవడానికి సరిపోదు. వంశవృక్షాల పద్ధతిలో లక్షల చోట్ల చదువుతారు. అప్పుడు మూడు నాలుగు తరాల వెనక కలిసే చుట్టాలు కూడా బయటపడతారు. ఇద్దరి మధ్య ఎంత డీఎన్ఏ ఉమ్మడిగా ఉందో చూసి, వీళ్ల ముత్తాతలు ఒకరే అయి ఉండొచ్చు అని అంచనా వేస్తారు. అక్కడి నుంచి పని ల్యాబులో కాదు, పాత కాగితాల్లో. జనన ధ్రువపత్రాలు, పెళ్లి రిజిస్టర్లు, జనాభా లెక్కలు, పత్రికల్లో వచ్చిన సంతాప ప్రకటనలు ముందేసుకుని ఆ ముత్తాత సంతానాన్ని కొమ్మ కొమ్మా కిందికి రాసుకుంటూ వస్తారు. వయసు కుదరని కొమ్మను వదిలేస్తారు, బతికున్నట్టు తెలిసిన మనిషిని కొట్టేస్తారు. చివరికి ఒక చోట ఒక పేరు ఉంటుంది, ఫలానా ఏడాది తర్వాత ఆ పేరు మీద ఒక్క కాగితమూ ఉండదు. అప్పుడు దగ్గరి బంధువుని వెతికి పట్టుకుని, మామూలు డీఎన్ఏ పరీక్షతో ఖాయం చేసుకుంటారు. ఈ ఆఖరి మెట్టు దాటకుండా పేరు ప్రకటించడం మహా ప్రమాదం.

దీని పరిమితులూ చిన్నవి కావు. ఆ వెబ్‌సైట్లలో డీఎన్ఏ పెట్టుకున్నవాళ్లలో ఎక్కువమంది యూరప్ మూలాలున్నవాళ్లు. మిగతా ప్రపంచంలో చనిపోయిన మనిషికి అక్కడ చుట్టాలు దొరకడం కష్టం. దగ్గరి చుట్టరికంలోనే పెళ్లిళ్లు చేసుకుంటూ వచ్చిన సమాజాల్లో ప్రతి ఒక్కరికీ ప్రతి ఒక్కరితో కొంత డీఎన్ఏ కలుస్తుంది, నిజంగా దగ్గరివాళ్లెవరో తేల్చడం తలనొప్పి. పాత రికార్డులు సరిగ్గా లేని దేశాల్లో కొమ్మలు మధ్యలోనే తెగిపోతాయి. కాబట్టి అమెరికాలో కుదిరింది కదా అని ఎక్కడైనా ఇదే మంత్రం పారుతుందని అనుకోవద్దు. అలాంటి చోట్ల దారి ఒకటే, కనబడకుండా పోయినవాళ్ల ఇంటివాళ్ల దగ్గర నేరుగా శాంపిల్ తీసుకోవడం.

అది ఎంత పెద్ద ఎత్తున సాధ్యమో బోస్నియా చూపించింది. 1995 జులైలో స్రెబ్రెనీత్సాలో సుమారు 8,000 మంది మగవాళ్లని, మగపిల్లల్ని చంపి గోతుల్లో పూడ్చారు. తర్వాత నేరం బయటపడకూడదని యంత్రాలతో ఆ గోతులు తవ్వి శవాల్ని వేరే చోట్లకు తరలించారు. దాంతో ఒకే మనిషి ఎముకలు రెండు మూడు చోట్ల దొరికాయి. బట్టలు చూసో, జేబులో వస్తువులు చూసో గుర్తుపట్టే పరిస్థితి లేదు. 1996లో ఏర్పడిన అంతర్జాతీయ మిస్సింగ్ పర్సన్స్ కమిషన్ ఊరూరా తిరిగి, దేశం వదిలి వెళ్లిపోయినవాళ్ల దగ్గరికి కూడా వెళ్లి, తల్లులు, అన్నదమ్ములు, పిల్లల రక్తం చుక్కలు సేకరించింది. ఎముకల డీఎన్ఏ ఒక వైపు, కుటుంబాల డీఎన్ఏ ఒక వైపు పెట్టి కంప్యూటర్‌తో పోల్చారు. 2001 నవంబర్‌లో తొలి పేరు దొరికింది, 15 ఏళ్ల అబ్బాయిది. ఇప్పటికి దాదాపు 7,000 మందికి పేర్లు దొరికాయి. యుద్ధంలో చితికిపోయిన దేశంలో ఇది జరిగింది. శాంతిగా ఉన్న దేశాలు చేయలేమంటే నమ్మడం కష్టం.

ఇక భయం సంగతి. కుటుంబం డీఎన్ఏ ఇస్తే రేపు దాన్ని వేరే కేసుల్లో వాడుకుంటారేమో, మావాళ్లలో ఎవరినో ఇరికిస్తారేమో అన్న టెన్షన్ చాలామందికి ఉంది. అది అర్థం లేని భయం కాదు. 2018 ఏప్రిల్‌లో కాలిఫోర్నియాలో గోల్డెన్ స్టేట్ కిల్లర్ అని పేరుపడిన వరుస హంతకుణ్ణి ఇలాగే చుట్టాల డీఎన్ఏతో పట్టుకున్నాక, తమ డేటా అలా వాడుతున్నారని చాలామంది వాడకందారులకు తెలియదని గొడవ రేగింది. జెడ్‌మ్యాచ్ 2019లో నిబంధనలు మార్చి, ఒప్పుకున్నవాళ్ల డేటాతోనే నేరస్తుల కోసం వెతకాలంది. నా ఉద్దేశంలో నేరస్తుణ్ణి వెతకడం, చనిపోయిన మనిషి పేరు వెతకడం ఒకటి కాదు, రెండింటికీ ఒకే నిబంధన పెట్టకూడదు. అలాగని కుటుంబాల భయాన్ని మాటలతో పోగొట్టలేం. అమెరికా జాతీయ డేటాబేసులో మిస్సింగ్ వ్యక్తుల బంధువుల శాంపిళ్లను గుర్తు తెలియని అవశేషాలతోనే పోలుస్తారు, నేరస్థలాల్లో దొరికిన డీఎన్ఏతో పోల్చరు. ఆ హద్దు మీ చట్టంలో రాయించండి. శాంపిల్ తీసుకునేటప్పుడు ఆ కాగితం వాళ్ల చేతికివ్వండి, అక్కర్లేదనుకున్న రోజు వెనక్కి తీసుకునే హక్కు ఇవ్వండి.

డీఎన్ఏ పేరు చెప్పి పాత పద్ధతుల్ని అటకెక్కించొద్దని కూడా అడుగుతున్నాను. 1992 జూన్‌లో బెల్జియంలోని ఆంట్‌వెర్ప్‌లో నదిలో ఒక మహిళ శవం దొరికింది. చేతి మీద నల్లటి పువ్వు, ఆకుపచ్చ ఆకులు, కింద కొన్ని అక్షరాలతో పచ్చబొట్టు. 31 ఏళ్లు ఆమె ఎవరో తెలియలేదు. 2023 మేలో ఇంటర్‌పోల్, బెల్జియం, జర్మనీ, నెదర్లాండ్స్ పోలీసులు కలిసి 22 మంది గుర్తు తెలియని మహిళల వివరాలు జనం ముందు పెట్టారు. బ్రిటన్‌లో ఉన్న ఆమె కుటుంబం వార్తల్లో ఆ పచ్చబొట్టు ఫొటో చూసి గుర్తుపట్టింది. రీటా రాబర్ట్స్, 31 ఏళ్లు. ఇంటికి ఆఖరి పోస్ట్‌కార్డ్ రాసింది 1992 మేలో. సముద్రం అవతల ఇంటివాళ్లు ఎదురుచూస్తున్నారు, ఇవతల పోలీసులు పచ్చబొట్టు ఫొటో ఫైల్లో పెట్టుకుని ఉన్నారు. ఇందులో హైటెక్ ఏమీ లేదు.

అదే ప్రయత్నాన్ని 2024లో ఆరు దేశాలకు పెంచి 46 మంది మహిళల వివరాలు విడుదల చేశారు. వాళ్లలో 2005లో బార్సిలోనా దగ్గర గులాబీ రంగు బట్టల్లో, అనుమానాస్పద స్థితిలో దొరికిన ఒకామె ఉంది. 2025లో ఆమె వేలిముద్రల్ని టర్కీ పోలీసులు తమ జాతీయ డేటాబేసులో వేసి చూస్తే కలిశాయి. ఆమె రష్యన్. బంధువు డీఎన్ఏతో ఖాయం చేశారు. 20 ఏళ్లు స్పెయిన్ దగ్గర ఉన్న వేలిముద్రలవి! ఇంటర్‌పోల్‌లో గుర్తు తెలియని మృతదేహాల కోసం బ్లాక్ నోటీస్ ఉంది, బంధువుల డీఎన్ఏని దేశాల మధ్య పోల్చడానికి 2021 నుంచి ఐ-ఫమీలియా అనే వ్యవస్థా ఉంది. వీటిలోకి మీ కేసులు వెళ్లాయా లేదా అన్నది ఒక మధ్యాహ్నం కూర్చుంటే తేలిపోయే విషయం. వెళ్లకపోతే పంపండి. పాత వేలిముద్రల్ని మళ్లీ కొత్తగా స్కాన్ చేసి వేసి చూడండి, అప్పట్లో లేని రికార్డులు ఇప్పుడు ఉంటాయి.

పుర్రె మీద బంకమట్టితో ముఖం తయారు చేయడం, పంటి ఎనామెల్‌లోని ఐసోటోపుల్ని (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువుల్ని) బట్టి ఆ మనిషి చిన్నప్పుడు ఏ ప్రాంతం నీళ్లు తాగాడో చెప్పడం, 1950, 60లలో అణుపరీక్షల వల్ల గాల్లో పెరిగిన కార్బన్-14 ఆధారంగా పుట్టిన ఏడాదిని ఒకటి రెండేళ్ల తేడాతో అంచనా వేయడం, ఇవన్నీ మంచి పనిముట్లే. 1989లో వేల్స్‌లోని కార్డిఫ్‌లో తోట తవ్వుతుంటే కార్పెట్‌లో చుట్టిన అస్థిపంజరం బయటపడింది. పుర్రెను బట్టి ముఖాలు తీర్చే నిపుణుడు రిచర్డ్ నీవ్ తయారు చేసిన ముఖాన్ని టీవీలో చూపిస్తే, ఆ అమ్మాయి తెలిసినవాళ్లు గుర్తుపట్టారు. ఎముకలోంచి తీసిన డీఎన్ఏని తల్లిదండ్రులతో పోల్చి అది 15 ఏళ్ల అమ్మాయి శవమని తేల్చారు. హత్య కేసులో ఎముక డీఎన్ఏతో హతుల్ని గుర్తించిన తొలి సందర్భాల్లో అదొకటి. కానీ ఈ పద్ధతులు చూపేది దిక్కు మాత్రమే. నార్వేలో 1970 నవంబర్‌లో బెర్గెన్ దగ్గర శవమై దొరికిన, ఇస్డాల్ మహిళ అని పిలిచే ఒకామె పళ్లు ఆమె చిన్నతనం జర్మనీలోని న్యూరెంబర్గ్ పరిసరాల్లో గడిచి ఉండొచ్చని చెప్పాయి. పేరు మాత్రం ఇప్పటికీ లేదు. అంచనాని అంచనా అనే చెప్పండి. ముఖం బొమ్మ మీద వయసు, జాతి, ఎత్తు ఖాయంగా రాసేస్తే, తమ పిల్ల అలా ఉండదు కదా అని అసలు కుటుంబమే పక్కకు తిరిగిపోతుంది.

ఇంత చేసి పేరు దొరికాక ఏం లాభం, హంతకుడూ పోయే ఉంటాడు కదా అనే మాట మీ ఆఫీసుల్లోనే వినిపిస్తుందని నాకు తెలుసు. మసాచుసెట్స్‌లో 1974 జులైలో ఇసుక దిబ్బల్లో రెండు చేతులూ నరికేసి, కొన్ని పళ్లు పీకేసిన మహిళ శవం దొరికింది. గుర్తుపట్టకూడదనే అలా చేశారు, 48 ఏళ్లు ఆ ఎత్తు పారింది. సమాధి పలుమార్లు తవ్వారు. 2022 అక్టోబర్‌లో ఆమె పేరు రూత్ మేరీ టెర్రీ అని ఎఫ్‌బీఐ ప్రకటించింది. మరుసటి ఏడాది ఆగస్టుకల్లా ఆమెను చంపింది భర్తేనని తేల్చి కేసు మూసేశారు. అతను 2002లోనే చనిపోయాడు. 48 ఏళ్లు కదలని కేసు పేరు తెలిసిన పది నెలల్లో తేలిపోయింది. ఇదే పేరు 1980లో తెలిసి ఉంటే అతను బతికి ఉండగానే మీ ముందు కూర్చునేవాడు.

హ్యూస్టన్ దగ్గర 1981లో అడవిలో దొరికిన భార్యాభర్తల కేసు ఇంకా కదిలిస్తుంది. 2021లో వంశవృక్షాల పద్ధతిలో వాళ్లెవరో తెలిసింది. ఆ పని చేసిన వంశవృక్షాల పరిశోధకులు చుట్టాలకు ఫోన్ చేస్తే వాళ్లు అడిగిన మొదటి ప్రశ్న, 'మరి పాప ఏదీ?' అని. వాళ్లకొక పసిపాప ఉందన్న సంగతే దర్యాప్తు చేసినవాళ్లకు అప్పటిదాకా తెలియదు. వెతికితే 2022 జూన్‌లో ఆ పాప బతికే దొరికింది, 42 ఏళ్ల వయసులో, తన కథ తనకే తెలియకుండా. పేరు లేని ఫైల్లో ఏమేం ఇరుక్కుని ఉంటాయో ముందే చెప్పలేం.

ఈ కబురు చేరవేసే తీరు గురించి కూడా ఒక మాట. నలభై ఏళ్ల తర్వాత తలుపు తట్టి మీ అక్క ఎముకలు దొరికాయని చెప్పడానికి ఒక పద్ధతి ఉండాలి. ప్రెస్ మీట్ కన్నా ముందు ఇంటికి వెళ్లండి, ఫోన్‌లో చెప్పొద్దు. వాళ్లు అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పగలిగిన అధికారే వెళ్లాలి. అవశేషాలు ఎప్పుడిస్తారో, ఎవరి ఖర్చుతో చేరుతాయో అప్పుడే చెప్పాలి. వాళ్లు వద్దంటే మీడియాకు ఫొటో ఇవ్వొద్దు.

నేను అడుగుతున్నవి పెద్ద పెద్ద సంస్కరణలు కావు. గుర్తు తెలియని శవాన్ని దహనం చేయడానికి గానీ పూడ్చడానికి గానీ అనుమతిచ్చే కాగితం మీద, డీఎన్ఏ శాంపిల్ తీశారా, ఎక్కడ భద్రపరిచారు అన్న రెండు గళ్లు పెట్టండి, అవి నింపకుండా సంతకం చేయొద్దు. పూడ్చిన చోటు నంబరుతో సహా రికార్డులో ఉండాలి, సమాధి ఎక్కడో తెలియక ఆగిపోయిన కేసులు కూడా ఉన్నాయి. ల్యాబులకు ఇచ్చే డబ్బులో పాత కేసులకు వేరేగా కొంత కేటాయించండి. అలా చేయకపోతే కొత్త కేసుల ఒత్తిడిలో పాతవాటి వంతు ఎప్పటికీ రాదు. నెలలు గడిచినా ఆచూకీ తెలియని ప్రతి మిస్సింగ్ కేసులో ఇంటివాళ్ల బుగ్గ లోపలి నుంచి దూదిపుల్లతో శాంపిల్ తీసుకోండి. సూది లేదు, నొప్పి లేదు, నిమిషం పని.

దీంట్లో ఒక్కటి మాత్రం వాయిదా వేయడానికి లేదు. ఎముకలో డీఎన్ఏ ఇంకొన్నేళ్లు ఆగుతుంది, తల్లిదండ్రులు ఆగరు. 1970, 80లలో పిల్లల్ని పోగొట్టుకున్నవాళ్లకు ఇప్పుడు ఎనభై, తొంభై ఏళ్లు, తోడబుట్టినవాళ్లకు డెబ్బై దాటాయి. తల్లి శాంపిల్ ఉంటే తేలిగ్గా తేలే సంబంధం, మనవళ్ల తరానికి వచ్చేసరికి మామూలు పరీక్షతో తేలదు. అందుకని మీ మిస్సింగ్ రిజిస్టర్ తెరిచి, తేదీల వారీగా కాకుండా బంధువుల వయసు వారీగా జాబితా వేయండి. అందరికన్నా పెద్దవాళ్లు ఎవరో చూసి, ముందు వాళ్ల ఇంటికి మనిషిని పంపండి. స్టేషన్‌కు రమ్మని కబురు పెట్టొద్దు, ఆ వయసులో రాలేరు.

ఇట్లు,
ఈ కేసుల వార్తలు వదలకుండా చదివే ఒక సామాన్య పౌరుడు